అడుగుబల్ల లేని పల్లకీ

నల్లచెలమ సంస్థానాన్ని ఏలే చిన్నరాయ భూపతికి ఒక పొద్దున చీమల మీద కోపం వచ్చింది. కొలువు తీరీ తీరగానే అందరినీ ఒకటే ప్రశ్న అడిగాడు.

"మేము లఘుశంకకు వెళ్లిన చోటికే చీమలు బారులు కడుతున్నాయి. మీ ఎవరి జోలికీ రావు. ఏమిటి కారణం?"

నవ్వు దాచుకోవడానికి ఇద్దరు ముగ్గురు దగ్గారు. ఆస్థాన వైద్యుడు కేశవభట్టు మాత్రం ఉత్తరీయం సవరించుకుని లేచాడు.

"ప్రభువుల రక్తమే అమృతం! చీమలు దర్శనానికి వస్తున్నాయి. నా స్వర్ణభస్మం సేవిస్తూ, కాలు కదపకుండా విశ్రాంతి తీసుకోండి."

ఆరు నెలలుగా ఆయన చెబుతున్నది ఇదే. రాజుకి నలభై ఎనిమిదేళ్లు. ఎంత తాగినా దాహం తీరదు, అరికాళ్లు తిమ్మిర్లు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. భస్మం ఖర్చయింది గానీ చీమలు తగ్గలేదు.

వాకిలి దగ్గర పోలన్న నిలబడి ఉన్నాడు. రాజుగారి పల్లకీ మోసే పన్నెండుమంది బోయీలకు పెద్ద అతను. వైద్యుడి మాటకి ఎంత ఆపుకున్నా కిసుక్కున నవ్వేశాడు.

"ఏమిరా పోలా, మా చీమలు నీకు నవ్వులాటగా ఉన్నాయా?"

"తప్పు కాయండి దొరా. పండగనాడు ఏలినవారు తిన్న బొబ్బట్లే మేమూ తిన్నాం. మాలో సగంమంది తమరి ఈడువాళ్లే. ఒక్క చీమ కూడా మా వంక చూడదు."

"ఎందుకని?"

"తిన్న తీపి కండ గుమ్మానికెళ్లి తలుపు కొడుతుంది దొరా. పాటుపడే కండ ఆకలిమీద ఉంటుంది, చప్పున తీస్తుంది. కూర్చున్న కండ గురకపెడుతుంది. పాతికేళ్లప్పుడైతే పిలిస్తే లేచేది, నలభై దాటాక కదిపితే గానీ లేవదు. తలుపు తీసే దిక్కులేక ఆ తీపి ఒళ్లంతా తిరిగి తిరిగి చివరికి చీమల పాలవుతుంది."

"అయితే ప్రభువులు పల్లకీ మొయ్యాలంటావా?" అన్నాడు కేశవభట్టు. కొలువంతా గొల్లుమంది.

"మొయ్యక్కర్లేదు అయ్యవారూ. పూటకో గంట నడిస్తే చాలు."

రాజు ముఖం మాడ్చుకున్నాడు. ఆ వంశంలో రాజు గడప దాటితే పల్లకీయే. మూడు తరాలుగా ఏ రాజూ నడుస్తూ జనం కంట పడలేదు.

"మేము పల్లకీ దిగం. దిగకుండానే నలభై రోజుల్లో చీమల్ని పోగొట్టు. పోతే కోరింది ఇస్తాం. పోకపోతే మీ పన్నెండు ఇళ్లవాళ్లూ మా పొలిమేర దాటాలి."

నోరు జారింది పోలన్న, తట్టాబుట్టా సర్దుకోవలసింది పన్నెండు కుటుంబాలు. ఇంటికి కూడా పోకుండా తిన్నగా వడ్రంగి దగ్గరికి పరుగెత్తాడు.

మర్నాడు రాజు పల్లకీలో కాలు పెడితే నేల తగిలింది. ఇంకో కాలూ నేలమీదే.

"పోలా! అడుగుబల్ల ఏదిరా?"

"ఊడదీయించాను దొరా," తెర పక్కన చేరి గుసగుసగా అన్నాడు పోలన్న. "తెరలు నేల దాకా దించాం. లోపల తమరు నడుస్తున్నట్టు ఈగకి కూడా తెలీదు."

"పల్లకీ దిగమని చెప్పాం కదరా!"

"దిగారా దొరా? ఎక్కే ఉన్నారు కదా!"

రాజు నోరు తెరిచేలోపు బోయీలు "ఓహోం, ఓహోం" అంటూ కదిలారు. వెనక పట్టె నడుముకి తగిలింది. ఇక నడవక చస్తాడా! మొదటిరోజు కోటచుట్టూ తిరిగినంతసేపూ పోలన్న ఏడు తరాలనీ తిట్టాడు.

వారం తిరిగేసరికి తిట్లు తగ్గాయి. పదిహేనో రోజున "ఇంకో వీధి తిప్పండిరా" అని లోపలినుంచి గొంతు వినపడింది. బోయీలకి నవ్వాగక పల్లకీ ఊగిపోయింది. మధ్యలో మూడు రోజులు ముసురుపట్టి తిరుగుడు ఆగితే, తగ్గుముఖం పట్టిన చీమలు మళ్లీ బారులు కట్టాయి. నాలుగోనాడు వానలోనే పల్లకీ తెమ్మన్నాడు రాజు. బొజ్జ పెద్దగా తగ్గలేదు, బొబ్బట్లూ తగ్గలేదు. దాహం మాత్రం తగ్గింది.

నలభయ్యో రోజున కోట ముంగిట కొలువు తీరింది. పొద్దున్నుంచి కాపలా కూర్చున్న మంత్రి వచ్చి, ఒక్క చీమైనా రాలేదని చెప్పాడు. పోలన్న కళ్లు చెమర్చాయి. అంతలో కేశవభట్టు ముందుకొచ్చాడు.

"చూశారా నా భస్మం మహిమ! ఆరు నెలల మందు ఇప్పటికి ఫలించింది. పోలన్న చేసిందేముంది? ఎప్పటిలాగే పల్లకీ మోశాడు. ఊరంతా చూసింది!"

నిజమే, ఊరు చూసింది అంతే. సభ తలలూపింది. పోలన్న రాజువైపు చూశాడు. వీధుల్లో నడిచానని రాజు నిండుకొలువులో ఎలా చెబుతాడు? చెప్పకపోతే గెలుపు భస్మానిదే, పన్నెండు ఇళ్లు ఖాళీ.

పోలన్న వంగి దణ్ణం పెట్టాడు.

"అయ్యవారు గెలిచారు దొరా. అంత గొప్ప వైద్యుడికి పల్లకీ సత్కారం జరగాలి. ఏలినవారి పల్లకీలోనే, అందరూ చూసేలా తెరలెత్తి ఊరేగిస్తాం."

రాజు మీసం చాటున నవ్వుకుని సరేనన్నాడు. కేశవభట్టుకి ఒళ్లు పొంగిపోయింది. కళ్లు ఆకాశంలో పెట్టుకుని, పట్టుపంచె కుచ్చిళ్లు పట్టుకుని, పల్లకీలోకి పోయి దర్జాగా చతికిలబడ్డాడు.

ధబ్బుమని బండలమీద పడ్డాడు.

బోయీలు పల్లకీ ఎత్తారు, తెరలూ ఎత్తారు. పల్లకీ పైకి లేచింది, వైద్యుడు కిందే ఉన్నాడు! వెనక పట్టె వీపుకి తగిలేసరికి లేచి పరుగందుకున్నాడు.

"ఒరే, దీనికి అడుగుబల్ల లేదురా! ఆపండ్రా!"

"అదే మందు అయ్యవారూ! నలభై రోజులు వాడాలి!" అన్నాడు పోలన్న.

అందరికంటే ముందు రాజే పగలబడి నవ్వాడు. సిగ్గు ఎటు పోయిందో పోయింది. సింహాసనం మీదే కాలెత్తి, కాయలు కాచిన అరికాలు సభకి చూపించాడు.

"ఈ మందు వాడింది మేమే! పోలా, ఏం కావాలో కోరుకో."

"మా పన్నెండు ఇళ్లూ, వాటిని ఆనుకున్న మాగాణీ మాకు రాసివ్వండి దొరా."

"ఇచ్చాం!" అని రాజు తన చేతి కడియం తీసి పోలన్నకి తొడిగాడు. తర్వాత ముంగిట రొప్పుతూ వస్తున్న పల్లకీవైపు తిరిగాడు.

"కేశవభట్టుగారూ, తమకీ యాభై దాటాయి కదూ? ఒరే, ఇంకో మూడు చుట్లు తిప్పండిరా!"