విల్మాను తీసెయ్యడానికి దారి

పేరిందేవి గారు హేగ్ నగరంలో ఉద్యోగ చట్టాల లాయరు. జూనియర్లు ఏమడిగినా సెక్షన్ల జోలికి పోకుండా, తాను చూసిన సంగతేదో ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఒకసారి శ్రీవత్స అనే జూనియరు ఇలా అడిగాడు: "మేడమ్, ఈ దేశంలో ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యాలంటే మూడు దారులున్నాయి కదా. ఆ ఉద్యోగమే అక్కర్లేకపోతే ప్రభుత్వ ఉపాధి సంస్థ అనుమతి. మనిషితో పొసగకపోతే జడ్జి. ఇద్దరికీ ఇష్టమైతే ఒప్పందం. వీటిలో సులువైనదేది?"

ఆవిడ చెప్పిన సంగతి ఇది.

రాటర్‌డామ్ రేవు దగ్గర పురంధర్ అనే ఆయనకు చేపల శీతల గోదాము ఉండేది. సరుకు నాణ్యత చూసే విల్మాను వెంటనే పంపించెయ్యాలని ఆయన పేరిందేవి గారి దగ్గరికి వచ్చాడు. ఆ ఉద్యోగంతో ఇక అవసరం లేదన్నాడు.

"రేపట్నుంచి సరుకెవరు చూస్తారు?"

"మా బావమరిది."

"అయితే పని ఉంది. ఉపాధి సంస్థ ఒప్పుకోదు."

పోనీ, ఆమెతో పొసగడం లేదు, జడ్జి దగ్గరికే వెళదామన్నాడు. ఎందుకు పొసగడం లేదని జడ్జి అడుగుతారన్నారావిడ. అప్పుడు పురంధర్ అసలు సంగతి చెప్పాడు. ఫ్రీజరు చెడి మెత్తబడిన చేపల్ని మళ్ళీ గడ్డకట్టించి లారీ ఎక్కిస్తుంటే, విల్మా పనివాళ్ళందరి ముందూ అడ్డం నిలబడిందట.

"ఒప్పందమే చేసుకుందాం. ఇవాళే. మీరూ రండి" అన్నాడు చివరికి.

గోదాము పైగదిలోకి విల్మా వచ్చి కూర్చుంది. ఆమె జీతంతోనే వాళ్ళ ఇల్లు గడుస్తోందని అక్కడ అందరికీ తెలుసు. పురంధర్ తలుపు మూసి, కాగితం ఆమె ముందుకు జరిపాడు.

"సంతకం పెడితే మర్యాదగా వెళ్ళొచ్చు. లేదంటే ఈ రేవులో నీకు ఇంకెక్కడా పని దొరకదు."

విల్మా కలం తీసుకుంది. పేరిందేవి గారి వైపు తిరిగి, "పెట్టాల్సిందేనా?" అని అడిగింది.

పురంధర్ కూడా ఆవిడనే చూస్తున్నాడు.

"నేను ఆయన లాయర్ని. మీ తరఫున ఇంకో లాయర్ని అడగండి. ఇవాళే పెట్టాలని ఏ చట్టంలోనూ లేదు" అన్నారు పేరిందేవి గారు.

విల్మా కలం కింద పెట్టి లేచింది. "ఆ చేపలు మీ పిల్లలకి వండి పెడతారా?" అని పురంధర్‌ని అడిగింది. తలుపు తీసుకుని కిందికి, తన పనిలోకి వెళ్ళిపోయింది.

ఇక్కడితో పేరిందేవి గారు ఆపేశారు. శ్రీవత్స ఉండబట్టలేక, "తరవాతైనా ఆమెను తీసేశారా?" అని అడిగాడు.

"లేదు. ఏ దారీ దొరకలేదు. ఆ లారీ కూడా కదల్లేదు."

"మరి సులువైన దారి ఏదో మీరు చెప్పలేదు."

"నన్ను మాత్రం నేను మెట్లు దిగేలోపే తీసేశాడు" అన్నారు పేరిందేవి గారు. "అందుకు ఎవర్నీ అడగక్కర్లేకపోయింది."