ఫిరంగి దాహం

నిండు సభలో, పొరుగు రాజ్యం రాయబారి చూస్తుండగా, మేడిపురం రాజు మల్లభూపతి సింహాసనం మీద కూర్చోబోయి సర్రున జారి కిందికొచ్చాడు.

ఎవరూ నవ్వలేదు. మెడ మీద తల ఉండాలని అందరికీ ఉంటుంది. రాయబారి మాత్రం పైకప్పు చూస్తూ, చెక్కడాలు చాలా బాగున్నాయన్నాడు.

రాజు లేచి తన పట్టుపంచె తడిమి చూసుకున్నాడు. వేళ్ళకి జిడ్డు అంటింది. వాసన చూశాడు. ఆముదం.

పంచె ఉతికిన నూకయ్యను పిలిపించారు.

"కాలవ నీళ్ళే జిడ్డోడతన్నాయి దొరా," అన్నాడు నూకయ్య చేతులు జోడించి. "ఎంత ఉతికినా పోటం లేదు. మా రేవుకి ఎగువన ఫిరంగుల కార్ఖానా ఉంది. అక్కణ్ణించే వస్తందని మా అనుమానం."

సభంతా కార్ఖానా అధికారి భుజంగరావు వైపు తిరిగింది. ఆయనకి బిరుదులు ఎక్కువ, ఓపిక తక్కువ. ఇనప దిమ్మెను తొలిచి ఫిరంగి గొట్టం చెయ్యడం ఆయన కార్ఖానా పని. ఎద్దులు గానుగ చుట్టూ తిరిగినట్టు తిరుగుతుంటే పెద్ద బర్మా ఇనుములోకి దిగుతుంది. రాపిడికి దాని మొన కాలిపోకుండా పైనుంచి ఆముదం పోస్తారు. పోస్తారంటే మామూలుగా కాదు, కడవలకి కడవలు గుమ్మరిస్తారు. నూనె రాజుగారిది, గొప్ప భుజంగరావుది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా!

"నా కార్ఖానా నుంచి చుక్క కూడా బయటికి పోదు ప్రభూ!" అన్నాడు భుజంగరావు. "పోసిందంతా గొట్టమే తాగేస్తుంది."

రాజుకి తాంబూలం అందించే గురవన్న, తమలపాకుకి సున్నం రాస్తూ తలెత్తాడు.

"అంత నూనె తాగుతుందాండీ అయ్యగారూ?"

"నీకేం తెలుసురా ఫిరంగుల సంగతి? తాగుతుంది! గొట్టం బయట ఒక్క చుక్క కనిపించినా తెచ్చి నాకివ్వు. నేనే తాగేస్తా!"

"సభంతా వింది ప్రభూ," అంటూ గురవన్న ఆకు మడిచి రాజుకి అందించాడు.

రాజుకి నడుం నొప్పిగా ఉంది. "ఈ జిడ్డు ఎక్కడిదో రేపు తేలాలి. తేలకపోతే నూకయ్య ఊరు విడిచి పోవాలి," అని లేచిపోయాడు.

గురవన్న నూకయ్యను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేసరికి, నూకయ్య భార్య అప్పటికే కుండలు మూట కడుతోంది. రాజుగారి న్యాయం మీద ఆవిడకి అంత నమ్మకం. తాతల నాటి రేవు వదిలి ఏ ఊరు పోతారు, ఎవరు పని ఇస్తారు? గురవన్న తిన్నగా రేవుకి నడిచాడు. రేవులో ఒక కడవ ముంచి, కదపకుండా పక్కన పెట్టించాడు.

మర్నాడు ఆ కడవతో సభకి వచ్చాడు.

"ఈ రోజు దీపం నేను వెలిగిస్తాను ప్రభూ. నూనె తెప్పించకండి. కాలవ నీళ్ళు చాలు."

భుజంగరావు పకపకా నవ్వాడు. గురవన్న కడవలో పైపైన తేలినదాన్ని గరిటెతో తీసి ప్రమిదలో పోసి, వత్తి వేసి, అంటించాడు. వత్తి చిటపటలాడింది. తరవాత బుద్ధిగా వెలిగింది. సభంతా ఆముదం వాసన.

రాజు దీపాన్ని చూశాడు. తరవాత భుజంగరావును చూశాడు.

"కడవలో ఇంకా ఉంది. తాగు."

భుజంగరావు కడవలోకి తొంగి చూశాడు. అయినా తగ్గలేదు. "తాగమంటే తాగుతాను ప్రభూ. నూనె తగ్గించమంటే మాత్రం నావల్ల కాదు. తగ్గిస్తే బర్మా కాలుతుంది, గొట్టం చెడుతుంది, శత్రువు కోట ఎక్కుతాడు. పంచె ముఖ్యమో రాజ్యం ముఖ్యమో తమరే సెలవియ్యాలి."

రాజు ఆలోచనలో పడ్డాడు. నిజం చెప్పాలంటే ఆయనకి పంచే ముఖ్యం. కానీ రాయబారి ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు.

అప్పుడు గురవన్న అన్నాడు:

"నూనె తగ్గించొద్దు ప్రభూ. ఆ కడవ తాగడమూ మాఫీ చెయ్యండి. అయ్యగారిని రేపు తన చేత్తోనే ఎంత కావాలంటే అంత పోసుకోనివ్వండి. బర్మా కింద మాత్రం ఒక గంగాళం పెట్టిద్దాం. గొట్టం తాగగా మిగిలింది, అన్న మాట ప్రకారం, ఆయన తాగుతారు."

మర్నాడు కార్ఖానాలో ఎవరూ చూడని వింతలు జరిగాయి. భుజంగరావు పైకండువా తీసి నడుముకి బిగించాడు. నూనె కడవలు దూరంగా పెట్టించాడు. ఒక కోడి ఈక తెప్పించి, దాని కొసని ఆముదంలో ముంచి, సరిగ్గా బర్మా మొన ఇనుముని కొరికే చోట తాకించాడు. మొన వేడెక్కితే ఎద్దుల్ని ఆపాడు. ఇనప రజను తనే ఊడ్చాడు. మళ్ళీ ఈక. ఇన్నేళ్ళలో ఆయన ఆ బర్మాని అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

పొద్దు వాలేసరికి గొట్టం తయారైంది. రాయబారితో సహా సభంతా చూడ్డానికి వచ్చింది. రాజు దీపం పట్టి లోపలికి చూశాడు. అద్దంలా ఉంది. మొన కాలలేదు, గొట్టం చెడలేదు. గంగాళంలో మిగిలిన నూనెని ఒంపితే, పసిపిల్లలకి ఆముదం పట్టే ఉగ్గుగిన్నె కూడా నిండలేదు.

"భుజంగరావ్, కడవలకి కడవలు తాగుతుందన్నావు?"

భుజంగరావు గొట్టాన్ని నిమిరాడు. "ఈ గొట్టానికి ఎందుకో దాహం తక్కువ ప్రభూ."

గురవన్న ఉగ్గుగిన్నె ఆయన చేతికిచ్చాడు.

"గొట్టం దాహం ఎప్పుడూ అంతే ప్రభూ. ఇన్నాళ్ళూ పోసేవాడికి తాగే పని లేదు, అంతే తేడా."

భుజంగరావు కళ్ళు మూసుకుని తాగాడు. ఆముదం తాగిన మొహం అని అందరం అంటూనే ఉంటాం. అది ఎలా ఉంటుందో ఆ రోజు అందరూ కళ్ళారా చూశారు.

గురవన్న మర్యాదగా ఒక తాంబూలం చుట్టి ఆయనకి అందించాడు. "వేసుకోండి అయ్యగారూ, నోరు బాగవుతుంది."

ముందు నవ్వింది రాయబారి. తరవాత రాజు. ఆ తరవాత, ఇక తలకి భయం లేదని, అందరూ.

రాజు తన చేతి కంకణం తీసి గురవన్నకి తొడిగాడు. రేవుకి నూకయ్యను పెద్దని చేశాడు. ఉగ్గుగిన్నెని ఫిరంగుల కార్ఖానా గుమ్మానికి వేలాడదీయించి, ఇక నుంచి నూనె దానితోనే కొలిచి ఇమ్మన్నాడు.

ఆ మాట వినడానికి భుజంగరావు అక్కడ లేడు. చెంబు పట్టుకుని పరిగెత్తాడు.