నక్క ఇచ్చిన ఖాయం

గోదావరి మధ్యలో ఒక లంక. పేరు చెప్పను, ఈ ఏడు ఉన్న లంక పై ఏటికి ఉంటుందో లేదో. అక్కడ కాడి మోసి మోసి మెడ కాయలు కాసిన ఓ ముసలి ఎద్దు, రంగి అనే మేక, దాని కుంటికాలి పిల్ల, రెల్లుదుబ్బుల్లో బొరియ తవ్వుకున్న నక్క ఉండేవి.

శ్రావణం వచ్చింది. ఎగువన ఎక్కడో వానలట, నీరు ఎర్రబడింది. రోజూ పొద్దువాలేసరికి ఎద్దు లంక నడుమ ఉన్న మట్టిదిబ్బ ఎక్కేది. వెనకాల రంగి, పిల్లని మూతితో నెట్టుకుంటూ. పొద్దున్నే దిగడం, సాయంత్రం ఎక్కడం. పద్దెనిమిది రోజులు అలాగే గడిచాయి. వరద మాత్రం రాలేదు. వచ్చిన వరదలో ఈదడంకన్నా రాని వరదకి ఎక్కడమే ఎక్కువ అలసట.

పంతొమ్మిదోనాడు రంగి దిబ్బ మొదట్లోనే కూలబడింది.

"బాబాయ్, ఇంక నావల్ల కాదు. ఇయ్యాల వరద వత్తాదా, రాదా?"

"ఏమో," అంది ఎద్దు.

"నిన్నా అదే, మొన్నా అదే! వినీ వినీ ప్రాణం విసిగిపోయింది. ఎక్కడ నేర్చావయ్యా ఆ మాట?"

ఎద్దు నెమరు ఆపింది. "వయసులో ఉన్నప్పుడు ఒడ్డున కొండమీది ఆరామానికి ఇటుకలు మోసేవోణ్ణి. అక్కడో ముసలి భిక్షువు. వానాకాలమంతా కదలకుండా అక్కడే ఉండి మునగకొమ్మలు పాతేవోడు. 'బతుకుతాయా సామీ' అంటే 'ఏమో' అనేవోడు. అని, నీళ్లు పోసేవోడు. 'కదిలే లోకాన్ని కదలొద్దని అడిగితే దుఃఖం తప్ప ఏం వత్తాది?' అనేవోడు."

"ఏమో గుర్రం ఎగరావచ్చు అన్నట్టుంది నీ వరస మావా!" అంటూ రెల్లులోంచి నక్క వచ్చింది. "చెల్లెమ్మా, నా మాట విను. ఈ ఏడు వరద రాదు. ఖాయం. చీమలు గుడ్లు మోసుకుపోవడం లేదు, తూనీగలు ఎత్తున ఎగురుతున్నాయి. పాపం, పిల్లని హింసపెట్టక ఇక్కడే మెత్తగా పడుకోబెట్టు."

ఖాయం! అలసినవాళ్ల చెవికి అంతకంటే తియ్యని మాట లేదు. నాకు తెలుసు, నేనూ ఆ మాటకి చాలాసార్లు పడ్డాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. రంగికి కళ్లనీళ్లు వచ్చాయి.

"హమ్మయ్య! నేనిక్కడే ఉండిపోతాను బాబాయ్."

నక్క చూపు మాత్రం కుంటికాలి మీదే ఉంది. అది ఎద్దు చూసింది. వాదించే ఓపిక లేదు దానికి. రంగి పక్కనే కాళ్లు మడిచి పడుకుంది, కొమ్ములు నక్కవైపు పెట్టి.

"అదేంటి మావా, దిబ్బ ఎక్కవా?"

"నువ్వే రాదన్నావుగా అల్లుడూ."

నక్క కొమ్ములకేసి చూసింది. ఆ కొమ్ములు కదిలితేగాని పని జరగదు. "రాదన్నది మేకలకి మావా! నీ సంగతి వేరు. బరువైన ఒళ్లు, బురదలో దిగబడితే లేవలేవు. ఈ చల్లగాలి చూశావా? ఇవాళ వరద ఖాయం. నువ్వు ఎక్కెయ్."

రంగి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "రాదన్నదీ ఖాయమే, వత్తాదన్నదీ ఖాయమేనా?"

"మరి నువ్వెక్కడ పడుకుంటావురా అల్లుడూ?" అని అడిగింది ఎద్దు. "ఏ ఖాయం మీద?"

దిబ్బమీద అంటే మొదటి మాట పోతుంది, పరువూ పోతుంది. "నా బొరియలోనే!" అంది నక్క రొమ్ము విరుచుకుని.

రంగి లేచి పిల్లని మూతితో నెట్టింది. ఆరోజు ఏడుస్తూనే ఎక్కింది. వరద రాలేదు. మర్నాడూ రాలేదు. పొద్దున్నే కిందినుంచి నక్క పలకరించేది, "ఏం చెల్లెమ్మా, దిబ్బమీద చేపలు పడ్డాయా?" అని. రంగి పిల్లని నెట్టుకుంటూ దిగిపోయేది.

ఇరవై రెండోనాడు మిట్టమధ్యాహ్నం, ఎవరూ అనుకోని వేళ, నీరు వచ్చింది. రంగి వెనక్కి తిరిగేలోపే కుంటిపిల్ల దిబ్బ సగం ఎక్కేసింది. అన్నాళ్లు ఎక్కీ ఎక్కీ ఆ కాలికి బలం వచ్చిందని అప్పటిదాకా ఎవరూ చూసుకోలేదు.

కాసేపటికి బొరియ మునిగి, తోక మట్టిముద్దయి, నక్క పాక్కుంటూ పైకి వచ్చింది. ఎద్దు కొమ్ము అడ్డం పెట్టి, పిల్లకి ఎడంగా కాస్త చోటిచ్చింది. నీరు ఇంకా పెరుగుతోంది.

"మావా, ఇక్కడిదాకా వత్తాదా?" అని అడిగింది నక్క.

"ఏమో."

"రాదని ఒక్కమాట అను మావా! ఖాయమని అను! నీ కాళ్లు పట్టుకుంటా!"

"నేనంటే నీరు వింటాదా అల్లుడూ?"

రంగి ఒకసారి నీళ్లకేసి చూసింది, ఒకసారి పిల్లకేసి చూసింది. చెయ్యగలిగింది చేశాం, అనుకుంది. పిల్ల మెడమీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది. అలసిన ఒళ్లు, వెంటనే కునుకు పట్టింది. నక్క మాత్రం మూడోరోజు నీరు తీసేదాకా రెప్ప వెయ్యలేదు.

తెలియదని ఒప్పుకున్నవాడికి వరదలోనూ కునుకు పడుతుంది. ఖాయం కావాలన్నవాడికి దిబ్బమీదా వరదే.