బోర్లా పడుకున్న శిష్యుడు

కళ్ళున్నంత కాలం నేను కళ్ళను తిడుతూనే బతికాను. తిప్పయ్యస్వామి శిష్యుణ్ణి కదా, కంటికి కనిపించేదంతా మాయేనని పేటలో ఎవరు దొరికినా కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి. విన్నవాళ్ళకంటే మధ్యలో లేచిపోయినవాళ్ళే ఎక్కువ.

ఒకరోజు ఆ మాయకు అడ్డంగా నల్లటి తెర దిగింది. కర్నూలులో కంటాసుపత్రికి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను. రెటీనా ఊడిందన్నారు. రెండో కన్ను చిన్నప్పుడే బిళ్ళంగోడు ఆటలో పోగొట్టుకున్నాను. ఉన్నది ఇదొక్కటే.

ఆపరేషన్ చేసి ఊడిన పొరను అతికించారు. అది మళ్ళీ జారకుండా కంట్లో గాలిబుడగ పెట్టారు. నేను బోర్లా ఉంటేనే ఆ బుడగ పైకి తేలి, వెనకనున్న పొరను నొక్కిపెడుతుందట.

"తల ఎత్తారంటే చేసిందంతా వృథా," అన్నాడు డాక్టరు. "అతుక్కున్నా చూపు ఎంత వస్తుందో చెప్పలేం."

మంచం అంచున నుదురు ఆనించి, నేలకేసి ముఖం పెట్టి పడుకున్నాను. కంటికి కట్టు. అంతా చీకటి. మాయ గురించి నేను చెప్పినవాటిలో ఒక్క ముక్కా పనికిరాలేదు. నా భార్య సుంకమ్మ ముఖం మళ్ళీ చూస్తానా అన్నదొక్కటే లోపల తిరుగుతోంది. చూపున్న రోజుల్లో ఆ ముఖాన్ని తీరిగ్గా చూసిందీ లేదు.

"స్వామి వచ్చినారు," అంది సుంకమ్మ.

గురువుకంటే ఎత్తులో శిష్యుడు ఉండటం మా దగ్గర పాపం. గురువు వస్తే లేచి కాళ్ళమీద పడాల్సిందే. లేవబోయాను. సుంకమ్మ నా మెడ పట్టి నొక్కింది.

"చాల్లే నీ భక్తి! పడుకో."

చాప పరిచిన చప్పుడైంది. ఎవరో మూలుగుతూ కిందికి వాలారు. తర్వాత స్వామి గొంతు సరిగ్గా నా ముఖం కిందనుంచి వచ్చింది. "ఏంరా ఓబులేసూ."

ఆయన నేలమీద వెల్లకిలా పడుకున్నారు.

"స్వామీ, మీరు కింద, నేను పైనా! పాపం తగులుతుంది, లేవండి."

"దాని సంగతి నేను చూసుకుంటాలే."

ఇక ఆగలేకపోయాను.

"నాకు చూపు వస్తుందా స్వామీ?"

"తెలీదురా."

చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ వస్తుందనే చెప్పిపోయారు. ఆ మాటలన్నిటికీ ఊకొడుతూ బిగబట్టుకున్నదంతా ఇప్పుడు తెగింది. గుడ్డి కంట్లోంచి కూడా నీళ్ళు కారతాయని అప్పుడే తెలిసింది. అవి ఎవరి ముఖం మీద పడుతున్నాయో గుర్తొచ్చి, సిగ్గుతో తల తిప్పుకోబోయాను.

"పడనీరా," అన్నారు స్వామి. "తల ఎత్తొద్దు."