గవరయ్య గురువు వెనక సీటెక్కిన రోజు

"పని వచ్చేసిందని మనిషికి ఎప్పుడు తెలుస్తుంది గురువుగారూ?"

దాలినాయుడు ఈ ప్రశ్న ఏడేళ్ల శిష్యరికంలో తక్కువలో తక్కువ డెబ్బైసార్లు అడిగి ఉంటాడు. శృంగవరపుకోట దాటాక, అరకు ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట మోటారుసైకిళ్లు బాగుచేసే గవరయ్య గురువు ఒక్కసారీ జవాబు చెప్పలేదు. ఎదురుగా కనబడ్డ నట్టేదో చూపించి, "ముందు అది బిగించు నాయనా" అనేవాడు. ఆ రోజూ అదే అన్నాడు.

ఆ షెడ్డుకి ఒక ఆనవాయితీ ఉంది. శిష్యుడు బాగుచేసిన బండి వెనక సీటు మీద గురువు కూర్చుని కొండకి బయల్దేరితే, ఆ శిష్యుడు మేస్త్రి అయ్యే రోజు వచ్చినట్టు. కూర్చోకపోతే ఎన్నేళ్లు చేసినా వాడు పనివాడే. కొండ మీద ఎవడు కొత్తగా షెడ్డు పెట్టినా జనం అడిగే మొదటి మాట, "గవరయ్య నీ వెనక కూర్చున్నాడేటి?" అని. ఆయన కూర్చోవడం ఆషామాషీ వ్యవహారమూ కాదు. మనిషి నూటపది కిలోలు. దాలినాయుడికి ముప్పై రెండేళ్లు నిండాయి. అనంతగిరిలో షెడ్డుకి రేకులు వేయించేశాడు, బోర్డు కూడా రాయించేశాడు. ఇక మిగిలింది ఆ నూటపది కిలోలే.

సరిగ్గా అప్పుడే అనంతగిరి బడి పంతులుగారి పాత హండ్రెడ్ సీసీ బండి షెడ్డుకొచ్చింది. ఇంజనుకి పెట్రోలూ గాలీ కలిపి అందించే కార్బొరేటర్ పూర్తిగా అరిగిపోయింది. విశాఖ నుంచి కొత్తది పార్శిల్లో దిగగానే దాలినాయుడికి కాలు ఒకచోట నిలవలేదు. అట్టపెట్టె విప్పి, దాన్ని పురిటి బిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నాడు. పెట్రోలు ట్యాపు కట్టేశాడు. పాతది ఊడదీశాడు. కొత్త ప్యాకింగ్ వేసి, రెండు బోల్టులూ ఇటు కొంచెం అటు కొంచెం బిగిస్తూ కొత్తది కూర్చోబెట్టాడు. మూడో కిక్కుకి ఇంజను అందుకుంది.

ఇంజను వేడెక్కాక ట్యూనింగ్ మొదలుపెట్టాడు. గాలి స్క్రూ పావు చుట్టు తిప్పడం, టైరు మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్న గురువు మొహం కేసి చూడడం. మళ్లీ పావు చుట్టు, మళ్లీ చూడడం. గురువు కుడి కనుబొమ్మ లేస్తే వెనక్కి తిప్పేవాడు, దిగితే హమ్మయ్య అనుకునేవాడు. చివరికి స్టాండు మీద బండి అంత నెమ్మదిగా, అంత తీరుగా ఆడింది చూడండి, సీటు మీద పెట్టిన గ్లాసులో టీ తొణకలేదు.

గురువు పొట్టు దులుపుకుని లేచాడు. లుంగీ ఎగ్గట్టాడు. "స్క్రూడ్రైవరూ, చిన్న ప్లయరూ జేబులో ఎయ్యి" అని, చడీచప్పుడు లేకుండా వెళ్లి వెనక సీటు మీద కూర్చున్నాడు.

ఎదుటి టీకొట్టు వాళ్లంతా గ్లాసులు పట్టుకుని రోడ్డు మీదకొచ్చేశారు. ఇన్నేళ్లకి దాలినాయుడి రోజు వచ్చింది. బండెక్కి క్లచ్ వదిలాడు. బండి కదిలింది, అతను మాత్రం గాల్లో తేలుతున్నాడు.

ఆ తేలడం నాలుగో మలుపు దాకానే. అసలైన ఎక్కుడు మొదలవగానే బండి దగ్గింది. యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ ముందుకి పోకపోగా ఇంకా నీరసపడింది. మలుపు మధ్యలో ఆగిపోయింది. అనంతగిరి బోర్డు, రేకులు, టీకొట్టు దగ్గర నిలబడ్డ జనం, అన్నీ దాలినాయుడి కళ్ల ముందు తిరిగాయి. గురువు దిగి, అక్కడ మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఆమె దగ్గర ఒకటి తీసుకుని, సరిగ్గా బండికి ఎదురుగా పిట్టగోడ మీద కూర్చుని తినసాగాడు.

దాలినాయుడు కిక్కు కొట్టాడు. మళ్లీ అదే తీరుగా ఆడింది, ఏ జబ్బూ లేనట్టు. తనొక్కడే ఎక్కి లాగించబోయినా మళ్లీ ఆగిపోయింది. ఊరికే నిలబెడితే పాట పాడుతుంది, బరువు వేస్తే చతికిలబడుతుంది. ఎందుకు? అతను మళ్లీ కిక్కు కొట్టి, ఈసారి గాలి తగ్గించి పెట్రోలు పెంచే చోక్ కాస్త లాగి పట్టుకుని, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ తిప్పాడు. బండి ఒక్క ఉదుటున ఆ ఎక్కుడులో పది గజాలు లాగింది. ప్రాణం లేచొచ్చింది అతనికి. చోక్ వేస్తే లాగుతోందంటే దీనికి పెట్రోలు చాలడం లేదన్నమాట. ఆకలితో ఉన్నదాన్ని కొండెక్కమంటే ఎక్కడ ఎక్కుతుంది?

కార్బొరేటర్ లోపలి సూదిదే తప్పంతా. ఆ సూదికి ఐదు గాట్లుంటాయి. క్లిప్పు ఎంత కింది గాటులో ఉంటే సూది అంత ఎత్తులో వేలాడి, అంత పెట్రోలు వదులుతుంది. స్టాండు మీద ఊరికే ఆడేటప్పుడు దాని ఊసే తెలియదు. పెట్టెలోంచి వచ్చింది వచ్చినట్టు బిగించేశాడు తప్ప, క్లిప్పు ఎక్కడుందో చూడనే లేదు. తన తెలివికి తనకే నవ్వొచ్చింది. బండి స్టాండేసి, చొక్కా విప్పి కింద పరిచాడు. కార్బొరేటర్ మూత తిప్పి సూది బయటికి లాగాడు. ప్లయరు తగలగానే క్లిప్పు టక్కుమని ఎగిరి చొక్కా మీద పడింది. పరవకపోతే కంకరలో కలిసిపోయేదే. దాన్ని ఏరి, ఒక గాటు కిందికి దించి పెట్టాడు. సూది పైకి లేచింది. వంచిన తల ఎత్తకుండా అన్నీ బిగించి, చొక్కా దులిపి తొడుక్కుని, "రండి గురువుగారూ" అన్నాడు.

ఇక చూడాలి ఆ బండిని. నూటపది కిలోల్నీ మోసుకుంటూ మలుపు తరవాత మలుపు మింగేసింది. కాఫీ తోటల వాసన మొహానికి కొడుతుంటే దాలినాయుడికి కళ్లు చెమర్చాయి, సంతోషం పట్టలేక గట్టిగా నవ్వేశాడు కూడా. అనంతగిరి బడి ముందు ఆపేటప్పటికి ఇంజను ఇంకా హుషారుగానే ఉంది.

గురువు నడుం పట్టుకుని మెల్లగా దిగాడు. దాలినాయుడు ఉండబట్టలేకపోయాడు.

"ఇప్పుడైనా చెప్పండి గురువుగారూ. పని వచ్చేసిందని మనిషికి ఎప్పుడు తెలుస్తుంది?"

"పొద్దున్న షెడ్డులో నా మొహం కేసి ఎన్నిసార్లు చూసినావు?"

"లెక్కే లేదండీ."

గురువు లుంగీ దించుకుని, పళ్లలో ఇరుక్కున్న పొత్తు గింజ నాలుకతో తీసుకున్నాడు.

"ఆ మలుపులోనూ నీకు ఎదురుగానే కూర్చున్నాను కదా నాయనా" అన్నాడు.