వినిపించని రేవు

విజయవాడలో పురందర్ అనే వీడియో గేముల తయారీదారు ఉండేవాడు. చేతిలో కావలసినంత పనితనం ఉన్నా, పక్కవాడి విస్తట్లోకి తొంగిచూసే బుద్ధి మాత్రం అతనికి పోయేది కాదు.

అతను తయారుచేసిన 'రేవు' ఆటలో బొమ్మలు ఉండవు. తెర నల్లగా ఉంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దాలను బట్టి పడవ నడపాలి. బట్టలుతికే చప్పుడు కుడిచెవిలో వినిపిస్తే రేవు కుడివైపు ఉన్నట్టు. చూపులేని వాళ్ల కోసం చేసిన ఆట అది. ఆడేది రెండు వేలమందే అయినా, వాళ్లకు ఆ ఆటంటే ప్రాణం. ఏ మార్పు చేసినా పురందర్ ముందుగా సువార్తమ్మ చేత ఆడించేవాడు. ఆవిడ ఒక ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. పుట్టుకతోనే చూపు లేదు.

ఇంతలో హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీ మూడు వందలమందిని పెట్టి, కోట్లు కుమ్మరించి ఒక యుద్ధం ఆట తెచ్చింది. అది చూశాక పురందర్‌కు తన ఆట వెలవెలబోయినట్టు అనిపించింది. నెలరోజుల్లో హైదరాబాదులోనే ఆటల ప్రదర్శన ఉంది, అందులో పురందర్‌కూ ఒక బల్ల ఇచ్చారు. రాత్రింబవళ్లు కూర్చుని సూర్యోదయం, కొండలు, చెవులు దద్దరిల్లే సంగీతం అన్నీ చేర్చాడు. ఆ హడావిడిలో సువార్తమ్మ చేత ఆడించనేలేదు. ఆవిడ అడిగితే, ప్రదర్శనకే రమ్మన్నాడు.

ప్రదర్శనకు వచ్చిన జనం అతని బొమ్మలు ఓసారి చూసి, పెద్ద కంపెనీవి ఇంతకన్నా బాగున్నాయంటూ అక్కడికే పోయారు. మధ్యాహ్నం సువార్తమ్మ నలుగురు స్నేహితులతో రైలు దిగి వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడితే, ఆవిడ పడవ మూడుసార్లు రాళ్లకు కొట్టుకుని మునిగింది. సంగీతం హోరులో బట్టలుతికే చప్పుడు కలిసిపోయింది మరి.

"పాట గొప్పగా ఉంది బాబూ. రేవు ఎక్కడుందో మాత్రం వినపడటం లేదు," అంది.

"పెద్దవాళ్ల పక్కన నిలబడాలి కదండీ," అని నసిగాడు పురందర్.

"వాళ్ల ఆటలు ఆడటానికి లోకమంతా ఉంది. మాకున్నది ఇదొక్కటే. దీన్ని కూడా తీసేసుకుంటావా?"

పురందర్‌కు తల కొట్టేసినట్టయింది. పాత ఆటను తెరిచాడు. తెర నల్లబడింది. ఈసారి సువార్తమ్మ ఒక్క రాయీ తగలకుండా పడవను ఒడ్డుకు చేర్చింది. స్నేహితులు చప్పట్లు కొట్టారు. నల్లటి తెర ముందు ఈ సంబరం ఏమిటని జనం మూగారు. పెద్ద కంపెనీ మేనేజరు కూడా వచ్చి కూర్చుని, రెండు నిమిషాల్లో మునిగాడు. సువార్తమ్మ నవ్వుతూ ఆయనకు పడవ నడపటం నేర్పింది. సాయంత్రం దాకా ఆ బల్ల ముందు వరస తరగలేదు.

నీతి: మన పని ఎవరి కోసమో మరిచిపోయి పెద్దవాళ్లతో పోటీకి దిగితే, వాళ్లంతటివాళ్లమూ కాలేము, మనల్ని నమ్ముకున్నవాళ్లకూ మిగలము.