కళ్ళంలో లేని ఒంటె

సింహాద్రి అప్పన్న దయవల్ల ఆ ఏడు చెరకు విరగపండింది. ఊరి చివర బెల్లం కళ్ళంలో తెల్లారకుండానే గానుగ కిర్రుమనాలి, పొద్దెక్కేలోగా పెనంలో పాకం పొంగాలి. ఇంత పనికీ పెద్ద ఎవరయ్యా అంటే, ఎద్దు. పేరు అప్పలకొండ. గుడి గోపురానికి కాళ్ళొచ్చినట్టుండే మనిషి, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. గానుగ ఎవరు తిప్పాలి, బస్తాలు ఎవరు మొయ్యాలి, ఎవరికెంత మేత వెయ్యాలి, అన్నీ తనే తేల్చేవాడు.

అంతా బాగానే ఉంది గానీ, దేవుడు ఆ ఒంట్లో బలం దోసిళ్ళతో పోసి, జ్ఞాపకం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసేశాడు. రాత్రి కన్ను మూశాడా, పొద్దున్నకి బుర్ర కడిగిన పళ్ళెం. కుడితి తొట్టి ఎటుందో తెలీదు. గాడిద ఎవరో తెలీదు. తన తోకే తన వీపుకి తగిలితే "ఎవరు బాబూ?" అని మర్యాదగా అడిగేవాడు.

మరి అలాంటివాడికంటే ముందు లేచేవాడు ఒకడుండాలి కదా! వాడే మన పుంజు పైడయ్య. మసకచీకట్లో లేచి, కళ్ళమంతా ఒక చుట్టు తిరిగి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, ఎద్దు మొహానికి ఎదురుగా నిలబడి కూసేవాడు.

"కొక్కొరొకో! లే అప్పలకొండన్నా! తూర్పున కుడితి తొట్టి. పడమట గానుగ. మూలన గాడిద లచ్చన్న, బస్తాలు మోస్తాడు. గడ్డివాము పక్కన నా ఇల్లాలు నూకాలు, పిల్లలు, చూసి అడుగెయ్యి. తాటి దుంగ దగ్గర ఒంటె, దాని చోటు దానికి వదిలెయ్యి!"

"సరే తమ్ముడూ" అని ఎద్దు లేచేవాడు. ఇంక పొద్దుగూకేదాకా కళ్ళం తిరుగులేకుండా నడిచేది.

నవ్వకండి తల్లీ, మీ ఇళ్ళలో కంప్యూటరు మీట నొక్కినా లోపల జరిగేది ఇదేనట. ఫర్మ్‌వేరు అనే పుంజు ముందు లేచి, ఏ సామాను ఎక్కడుందో వివరం చెబితే గానీ, పనంతా నడిపే కెర్నెల్ అనే ఎద్దు కాడి ఎత్తదు. ఆ పుంజు మాట మీద దానికి అంత నమ్మకం.

అప్పలకొండకీ అంతే. పైడయ్య చెప్పింది ఉన్నట్టు, చెప్పనిది లేనట్టు. ఒకసారి గొంతు పట్టేసి పైడయ్య గాడిద పేరు మింగేశాడు. ఆ రోజంతా ఎద్దు లచ్చన్న పక్కనే నిలబడి, "మన కళ్ళంలో ఒక గాడిదైనా లేకపోయిందే" అని బాధపడ్డాడు. లచ్చన్న అది అప్పన్న వరమనుకుని హాయిగా పడుకున్నాడు.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. బెల్లం కళ్ళంలో ఒంటె ఏమిటని. లేదు మరి! పైడయ్యకి ఈ కూత నేర్పింది వాళ్ళ మేనమామ. ఆయన జమీందారుగారి దివాణంలో కూసిన పుంజు. అక్కడ ఒంటె ఉండేది. ఆ కూతని ఈ కళ్ళానికి తెచ్చుకున్నప్పుడు పైడయ్య తొట్టి మార్చాడు, గానుగ చేర్చాడు, ఒంటె దగ్గర మాత్రం జంకాడు. "పెద్దాయన నోటి మాట, తీసేస్తే ఏం ముంచుకొస్తుందో!" అని.

దాంతో రోజూ తాటి దుంగ దగ్గర ఒంటెకని మేత పడేది. లచ్చన్న అటుగా వెళితే ఎద్దు ఆపేవాడు. "చుట్టూ తిరిగి రా నాయనా, దాని తోక తొక్కుతావు."

ఈ భోగమంతా చెరకుతోటలోంచి చూస్తోంది నక్క. ఒక మిట్టమధ్యాహ్నం తిన్నగా వచ్చి తాటి దుంగ దగ్గర కూర్చుంది.

"ఎవరు బాబూ?" అన్నాడు ఎద్దు.

"ఒంటెనండి."

"ఓ, పైడయ్య చెప్పాడు. కూర్చో తల్లీ."

లచ్చన్న నోరు ఊరుకోలేదు. "ఒంటెవైతే మూపురం ఏదే?"

"ఎండలకి లోపలికి పోయింది. చలికాలంలో మళ్ళీ వస్తుంది."

"మెడ?"

"నీలాంటి వాళ్ళతో మాట్లాడ్డానికి పొడుగు మెడ దండగని ఇంటి దగ్గర వదిలొచ్చాను."

పైడయ్య రెక్కలు టపటపలాడిస్తూ ఉరికొచ్చాడు. నక్క వాడిని పక్కకి పిలిచి, తేనె పూసినట్టు మాట్లాడింది.

"పైడయ్య బావా, కంగారుపడకు. నేను నక్కనని చెబుతావా? చెప్పు. అప్పుడు ఒంటె ఏదని అడుగుతాడు ఎద్దు. ఇన్నాళ్ళూ గాలికి మేత పెట్టించావని తెలిస్తే, రేపు నువ్వు తొట్టి ఇటుందంటే నమ్ముతాడా? మాట చెల్లని పుంజు ఎక్కడికి పోతుంది బావా? పులుసులోకే కదా!"

పైడయ్య తురాయి వాలిపోయింది. "ఏం కావాలి నీకు?"

"పెద్దదేం కాదు. రేపు కూతలో పిల్లల మాట ఎత్తకు. నువ్వు చెప్పకపోతే ఎద్దు లెక్కలో వాళ్ళు లేరు. లేనివాళ్ళని ఎవరైనా తింటే తిన్నట్టా?"

ఆ సాయంత్రం పైడయ్య ముక్కుతో గింజ ముట్టలేదు. నూకాలు పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుని, సంగతంతా విని, మొగుడి మీద విరుచుకుపడింది.

"తొలగించెయ్యవయ్యా ఆ ఒంటెని అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. విన్నావా?"

"మావ మాటే నూకాలూ..."

"మీ మావ ఒంటె ఉందని చెప్పి ఊరుకున్నాడా, అది ఏం చేస్తుందో కూడా చెప్పాడా?"

"చెప్పాడు. చాలా పొడుగు. ఇక్కడ ఒంటె లేదు కదాని అదంతా కోసేశాను."

నూకాలు ముక్కుతో వాడి నెత్తిన ఒక్కటిచ్చింది. "లేని ఒంటెకి మేత పెట్టించిన మొనగాడివి, ఉన్న ఒంటెకి పని పెట్టించలేవా?"

తెల్లవారుజామున పైడయ్య సింహాద్రి కొండవైపు తిరిగి, "స్వామీ, నా నోట అబద్ధం రానివ్వకు" అని దణ్ణం పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చాడు.

"కొక్కొరొకో! లే అప్పలకొండన్నా! తూర్పున తొట్టి. పడమట గానుగ. మూలన గాడిద లచ్చన్న. గడ్డివాము పక్కన నూకాలు, పిల్లలు, వాళ్ళ ఈకకి హాని రానివ్వకు!"

దుంగ దగ్గర నక్క పళ్ళు కొరికింది.

"తాటి దుంగ దగ్గర ఒంటె! ముక్కుతాడు వెయ్యనిదే ఒంటె నడవదు. గాడిద మోసే బస్తాలన్నీ ఒంటె ఒక్కటే మోస్తుంది. దానికి ఇష్టమైన తిండి తుమ్మముళ్ళు. మాంసం ఒంటె చస్తే ముట్టదు!"

"ఎంత గొప్ప జీవం!" అన్నాడు అప్పలకొండ కళ్ళు చెమర్చి. "లచ్చన్నా, ముక్కుతాడు పట్టుకురా."

లచ్చన్న జన్మలో అంత చురుగ్గా కదలలేదు. తాడు పడింది, బస్తా ఎక్కింది, దాని మీద ఇంకో బస్తా. నోటి ముందు తుమ్మకొమ్మ. నక్క నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోయాయి.

"అన్నా! అప్పలకొండన్నా! నేను ఒంటెని కాదు! నక్కని!"

ఎద్దు నెమ్మదిగా పుంజు వైపు తిరిగాడు. "తమ్ముడూ, మన కళ్ళంలో నక్క ఉందని చెప్పావా?"

"చెప్పలేదన్నా."

"అయితే లేదు. పాపం, ఎండదెబ్బకి ఒంటె కలవరిస్తోంది. లచ్చన్నా, ఇంకో బస్తా వెయ్యి, నిదానిస్తుంది."

"నక్కనే! ఇదిగో నా తోక చూడు!"

"చక్కటి తోక. ఒంటెకి ఇలా ఉంటుందని ఇవాళే తెలిసింది."

పొద్దుగూకేవేళకి తాడు కొరుక్కుని పారిపోయిన ఆ ఒంటె, వీపు వంగిపోయి, మూపురం వస్తుందన్న మాట మాత్రం నిజం చేసింది. అప్పలకొండ నిద్రపోయి అంతా మరిచిపోయాడు.

మర్నాడు పైడయ్య దుంగ దగ్గరికెళ్ళి చూశాడు. ఖాళీ. ఇకనైనా ఆ మాట తీసేద్దామనుకున్నాడు. గడ్డివాము దగ్గరనుంచి నూకాలే తల అడ్డంగా ఊపింది.

అందుకే నేటికీ ఆ కళ్ళంలో, "తాటి దుంగ దగ్గర ఒంటె! ముక్కుతాడు! బస్తాలు!" అని కూత వినపడగానే, చెరకుతోటలో ఎవరో ముక్కు పట్టుకుని పరిగెత్తిన చప్పుడవుతుంది.

నీతి: ఒకరి పేరు చెప్పుకుని చోటు కాజేసేవాడు, ఆ పేరుకున్న బరువు కూడా మొయ్యక తప్పదు.